ససేమిరా గారి రెండు ఆకాశాలు

కర్... కర్... టక్. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ కర్, కర్, కర్.

కింద పంటి ఆసుపత్రిలో బల్లల మీద వరసగా కూర్చున్నవాళ్ళు ఆ చప్పుడుకి దవడలు పట్టుకుంటారు. పైన ఎవరి పన్నో అరగదీస్తున్నారని వాళ్ళ భయం. టోకెన్లు పిలిచే ఆవిడ తలైనా ఎత్తకుండా, "అది పన్ను కాదండీ, మా ఆయన. పైన యుద్ధం చేస్తున్నారు" అంటుంది. ఈ మాటతో ఎవరికీ ధైర్యం రాదు గానీ నోరు తెరిచి నవ్వుతారు. ఎవరికెన్ని పళ్ళు లేవో ఆవిడకి అప్పుడే తెలిసిపోతుంది.

పదిహేడు మెట్లు ఎక్కితే ఆ చప్పుడు ఉన్న గది. గోడ పొడుగునా అరలు, అరల నిండా సుద్దతో పోతపోసిన దవడలు, ఒక్కో దవడ కింద ఒక చీటీ. కిటికీలోంచి ఎండ వాలుగా పడితే గాలిలో తేలే సుద్దపొడి పాలపుంతలా మెరుస్తుంది. ఆ పాలపుంత కింద, ఏప్రాను కట్టుకుని, తల కొద్దిగా ఎడమ పక్కకి వంచి కూర్చున్న మనిషే ఆ ఆసుపత్రికి కట్టుడు పళ్ళు చేసి ఇచ్చేవాడు. యాభై ఏడేళ్ళు. సన్నటి వేళ్ళు, పెద్ద చెవులు. అందరూ ఆయన్ని ససేమిరా గారంటారు.

పేరు ఊరికే రాలేదు. కొత్త పళ్ళ సెట్టు పెట్టిన ప్రతి మనిషి చేతా ఆయన 'ససేమిరా' అని మూడుసార్లు అనిపిస్తాడు. పళ్ళ మధ్య గాలి ఈల వేస్తే ఎక్కడో సందు ఉన్నట్టు. తర్వాత పై వరస, కింద వరస టక్‌మని కొట్టమంటాడు. ఒకే ఒక్క టక్ వినపడితే సరిగ్గా కూర్చున్నట్టు. 'టటక్' అని రెండుగా వినిపిస్తే ఒక పన్ను ముందు తగిలి, మిగతావి వెనక వస్తున్నట్టు. ఆ వెంట్రుకవాసి తేడాని ఆయన చెవి పట్టేస్తుంది. కింద డాక్టరమ్మ చదువుకున్న మనిషి, మంచి చేయి ఉన్న మనిషి. అయినా అనుమానం వస్తే రోగిని పైకి పంపించి, "ఒకసారి ఆయన చెవిన వేయండి" అంటుంది.

ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది పాత సెట్టు అరిగిపోయి కొత్తది కావాలని వస్తారు. కొత్తది కావాలి, కానీ అచ్చం పాతదానిలా ఉండాలి. కొత్త చేతులు ఇక్కడే బోల్తాపడతాయి. పుస్తకంలో ఉన్నట్టు మంచి ఎత్తు, మంచి కోణం పెట్టి చేసిస్తారు. మూడోనాటికి అది చేతిరుమాలులో చుట్టుకుని తిరిగొస్తుంది. ససేమిరా గారు అలా చేయడు. ముందు పాత సెట్టుకి అచ్చు తీస్తాడు, అరుగుదలతో సహా. పదేళ్ళు నమిలి నమిలి ఒక పక్క పల్లం పడితే ఆ పల్లాన్ని కూడా పోతపోస్తాడు. అప్పుడు ఒక్కటంటే ఒక్క చోట సరిచేసి ఇస్తాడు. నెల తర్వాత ఇంకొక చోట. నోటికి తెలియకుండా నోటిని మార్చాలన్నది ఆయన పద్ధతి.

పళ్ళు చేయడంలో ఎదురుచూపులు ఎక్కువ. సుద్ద గట్టిపడాలి, మైనం చల్లారాలి, గులాబీరంగు చిగురు వేడినీళ్ళ తొట్టిలో గంటల తరబడి ఉడకాలి. ఆ ఖాళీలోకి ఇరవై నాలుగేళ్ళ క్రితం ఒక ఆట వచ్చి కూర్చుంది. పేరు 'నక్షత్ర సామంతులు'. తొంభై నక్షత్రాలు, ఆరు జాతులు. ప్రతి గ్రహానికీ మూడు కుళాయిలు ఉంటాయి. తిండికొకటి, ఇనుముకొకటి, చదువుకొకటి. ఒకటి ఎక్కువ తిప్పితే మిగతా రెండూ సన్నగిల్లుతాయి. కుళాయిలు సరిచూసుకుని, ఓడల్ని పంపి, 'వంతు అయింది' అన్న మీట నొక్కితే మిగతా ఐదు జాతులూ తమ ఎత్తులు తాము వేసుకుంటాయి. వాళ్ళు ఆలోచిస్తున్నంతసేపూ పాత కంప్యూటరు లోపలి డిస్కు కర్, కర్‌మంటుంది. ఆయన ఆ చప్పుడు వింటూ తొట్టిలో నీళ్ళు చూసుకుంటాడు. అన్నిటికన్నా కష్టమైన స్థాయిలో ఆయన ఓడి పదకొండేళ్ళయింది. ఆటల పత్రికకు ఆయన రాసే ఉత్తరాలు చదివి, ముఖం తెలియని మనుషులు సలహా అడుగుతూ జవాబులు రాసేవారు.

అలా ఉండగా ఒకే వారంలో రెండు సంగతులు జరిగాయి. ఆ ఆటనే మళ్ళీ కొత్తగా చేసి విడుదల చేశారు. పాత కంప్యూటరు డిస్కు గొంతు మారింది.

రెండు వార్తలూ తెచ్చింది బావమరిదే. లిఫ్టులు బాగుచేసే మనిషి, రోజంతా తీగలకి చెవి ఒగ్గి బతికేవాడు. వచ్చీ రాగానే కంప్యూటరు డబ్బా మీద చెయ్యేసి కళ్ళు మూసుకున్నాడు.

"బావా, ఇది పోయేలా ఉంది."

"పదేళ్ళ నుంచీ అదే అంటున్నావు."

"అప్పుడు నోటితో అన్నాను. ఇప్పుడు చెవితో అంటున్నాను. లోపల అరిగిపోయింది. ఇలాంటిది ఇంకోటి దొరకదు కూడా."

"దొరక్కపోతే?"

"దొరక్కపోతే ఏముంది, నీ సామ్రాజ్యం తుక్కే. అందుకే ఇది తెచ్చాను." సంచిలోంచి పలకంత పల్చటి కొత్త కంప్యూటరు తీసి, దవడల మధ్య చోటు చేసి పెట్టాడు. కొత్త ఆట అందులో అప్పటికే ఎక్కించి ఉంచాడు.

ససేమిరా గారు దాని పక్కన చెవి పెట్టాడు. "చప్పుడేదీ?"

"ఉండదు బావా. ఇందులో తిరిగేదేమీ లేదు."

"తిరక్కుండా పనెలా చేస్తుంది?"

"మా మేనేజరు చెయ్యట్లేదూ?"

అదే రోజు ఆటల పత్రిక నుంచి ఒక విలేకరి ఫోను చేసింది. పాత ఆటని ఇన్నేళ్ళు ఆడిన మనిషి కొత్తదాని గురించి ఏమంటాడో రాయాలని ఆమె కోరిక. పైవారం గురువారం వస్తానంది. "రామ్మా. ఈలోగా అన్నిటికన్నా కష్టమైన స్థాయిలో గెలిచి ఉంటాను, గెలిచాకే చెప్తాను. ఓడినవాడు చెప్పే తేడాలు తేడాలు కావు, ఏడుపులు" అన్నాడు.

భోజనం డబ్బా తెచ్చిన భార్య ఆ మాట వింది. "గెలవకముందే చాటింపు వేసేశారా?"

"ఆట అదే కదా. నల్లేరు మీద నడక."

మొదటి రోజు ఆయన ముచ్చట చూడాలి. కొత్త ఆకాశానికి లోతు ఉంది. పటాన్ని ఒరిగించవచ్చు, తిప్పవచ్చు, ఒక సూర్యుడి పక్కన నిలబడి ఇంకో సూర్యుడి రంగు చూడవచ్చు. గ్రహానికి చీకటి పడిన పక్కన సన్నటి దీపాలు వెలుగుతాయి. పాతదానిలో జనం అంటే ఒక అంకె. ఇక్కడ ఆ దీపాలు చూస్తే ఎవరో లోపల ఉన్నారనిపిస్తుంది. మూడు కుళాయిల్నీ కదపకుండా ఉంచినందుకు, "బుద్ధిమంతులు" అని మెచ్చుకున్నాడు. అక్షరాలు మాత్రం చీమ తలకాయంత ఉన్నాయి. పళ్ళు చూసుకునే భూతద్దం పెట్టుకోవలసి వచ్చింది. వంతుకొకసారి ఒక మంత్రి ప్రత్యక్షమై "ఏలికా, ఇనుము తక్కువగా ఉంది" అని చెవిలో జోరీగలా మొదలుపెట్టేవాడు. వాడి నోటికి తాళం ఎక్కడుందో వెతికి మరీ వేశాడు. పొరుగు నీలిజాతి రాయబారి పాత ఆటలో కదలని బొమ్మ. కొత్తదానిలో వంగి దండం పెట్టి, నోరారా నవ్వుతాడు. ససేమిరా గారు భూతద్దం ఆ నవ్వు దగ్గరికి తీసుకెళ్ళాడు.

"వీడికి పై వరస కింద వరసకి అంటట్లేదు. పాపం, నమల్లేడు."

ఎనభై ఎనిమిదో వంతులో ఆ నమల్లేనివాడు ఆయన సొంత గ్రహాన్ని మింగేశాడు.

ముందు రోజు దాకా నవ్వుతూ కానుకలు పంపినవాడు ఒక్కసారి ఓడల మందతో వచ్చి పడ్డాడు. గ్రహానికి కవచమే లేదు. కొత్త ఆట కదా, మొదటిసారి కదా అనుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. మర్నాడు డెబ్భై ఒకటో వంతులో అదే ముగింపు. మూడోసారి ఇంకా ముందే. పదకొండేళ్ళు ఓటమి రుచి తెలియని నోటికి మూడు రోజుల్లో మూడు చేదు గుక్కలు. ఆట చేసినవాళ్ళు మోసం చేశారన్నాడు, లెక్కలు మార్చేశారన్నాడు. బావమరిది కనుక్కుని వచ్చి చెప్పాడు. లెక్కలు ఏమీ మార్చలేదట, జాతుల బుర్ర పాతదేనట.

"మరి పాతదానిలో వాళ్ళు రాబోతున్నారని నాకెలా తెలిసేది?"

"నన్నడుగుతావేంటి బావా? ఆడింది నువ్వు."

జవాబు భార్య దగ్గర దొరికింది. నాలుగో ఆట ఆడుతుండగా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. "ఎందుకండీ తల అలా పక్కకి వంచుతారు? దాన్నేమైనా ససేమిరా అనమన్నారా?"

ఆయన చెయ్యి మీట మీద ఆగిపోయింది. నిజమే. నిశ్శబ్దంగా కూర్చున్న పలక వైపు ఎడమ చెవి వంచి ఉన్నాడు. దేనికోసం వింటున్నాడు?

లేచి పాత కంప్యూటరు పెట్టాడు. పాత ఆట తెరిచి, ఈసారి ఆడటం మానేసి విన్నాడు. మామూలు వంతుల్లో డిస్కు రెండు మూడు కర్‌లతో ఊరుకుంటోంది. ఎవరో ఒక జాతి పెద్ద దండు కడుతున్నప్పుడు మాత్రం, ఆ ఓడలన్నిటి లెక్కా పాత డబ్బా బుర్రలో పట్టక, డిస్కు గుక్కతిప్పుకోకుండా గరగరలాడుతోంది. రెండు మూడు వంతుల తర్వాత దాడి. ఇరవై నాలుగేళ్ళు ఆ గరగర వినగానే ఆయన చేయి తనంతట తాను కవచాల మీదకి పోయింది. అదంతా తన బుద్ధిబలం అనుకున్నాడు.

రుజువు కావాలనిపించింది. చెవుల్లో మైనం ముద్దలు పెట్టుకుని పాత ఆటనే పాత కంప్యూటరు మీద ఆడాడు. అరవై ఐదో వంతులో ఓడిపోయాడు.

మైనం తీసి బల్ల మీద పెట్టాడు. చెవి ఆకారంలో రెండు చిన్న అచ్చులు. "ఇన్నేళ్ళూ గెలిచింది నేను కాదన్నమాట. ఆ డబ్బా."

"డబ్బా అందరి ఇంట్లోనూ అరిచింది. విన్నది మీరొక్కరే" అంది భార్య.

"వినడం వేరు, ఆడటం వేరు."

ఆవిడ తొట్టిలో నీళ్ళు తక్కువైతే పోసి కిందికి వెళ్ళింది. ఆయన పాత కంప్యూటరు వైపు చూస్తూ కూర్చున్నాడు. అది ఇవాళో రేపో పోతుంది. పోయేలోగా కొత్తదానిలో గెలవలేకపోతే పదకొండేళ్ళ గెలుపులూ దానివే. తనవని చెప్పుకోవడానికి ఒక్కటీ మిగలదు. గురువారానికి ఇంకా ఐదు రోజులు.

మర్నాడు పొద్దున్నే కింద వీధి తవ్వడం మొదలుపెట్టారు. గోతుల యంత్రం దడదడకి అరల మీద దవడలన్నీ చలికి వణుకుతున్నట్టు కటకటలాడాయి. ఆ దడదడలోనే పెద్ద పంతులమ్మ మెట్లెక్కి వచ్చింది. ముప్ఫై ఏళ్ళు బడి నడిపి, పదవీ విరమణ తర్వాత కూడా అందరినీ నువ్వనే పిలిచే మనిషి. కొత్త సెట్టు సరిచూసుకోవడానికి వచ్చింది.

"టక్‌మని కొట్టండమ్మా."

ఆమె కొట్టింది. ఏమీ వినపడలేదు.

"మళ్ళీ."

"కొడుతూనే ఉన్నానయ్యా. పగలగొట్టమంటావా?"

యంత్రం ఆగేలా లేదు. ఆయన చేయి అలవాటుగా సొరుగులోకి పోయి నీలికాగితం ముక్క తీసింది. వరసల మధ్య పెట్టి కొరకమన్నాడు. ఏ పన్ను ముందు తగులుతోందో దాని మీద ముదురు నీలం మచ్చ పడుతుంది. కింద ఎడమ నాలుగో పన్ను మీద పడింది. సెట్టు తీసి ఆకురాయి మీద రెండుసార్లు ఆనించాడు, మళ్ళీ కాగితం పెట్టబోయి ఆగాడు. సెట్టు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"అమ్మా, ఒక్క నిమిషం కూర్చుంటారా?"

"నా పళ్ళు నీ చేతిలో ఉన్నాయి, నేనెక్కడికి పోతాను?" అంది పంతులమ్మ బోసి నోటితో.

చప్పుడు లేని రోజున కూడా ఆయన పళ్ళు సరిచేశాడు. ఇప్పుడే చేశాడు. చెవి లేకపోతే చేతికి ఒక కాగితం చాలు. దాడి చేయబోయే జాతి కూడా ఎక్కడో ఒక చోట ముందు తగలక మానదు. ఆ మచ్చ ఎక్కడ పడుతుందో చూడాలి, అంతే.

ఆ మధ్యాహ్నం నుంచి మూడు రోజులు ఆయన ఓడిపోవడానికి ఆడాడు. సరిహద్దులో ఒక చిన్న గ్రహాన్ని కవచం లేకుండా నీలికాగితంలా పరిచి ఉంచడం, వంతు వంతుకీ కొత్త ఆటలోని ప్రతి పుటా తిరగేయడం. జనం పుట, చదువుల పుట, రాయబారుల పుట. ఎక్కడా మచ్చ లేదు. ఇక సంత పుట ఒకటుంది. ఏ జాతి ఏమి అమ్ముతోంది, ఏమి కొంటోంది అని రంగురంగుల గీతలు. పాత ఆటలో ఆ పుటే లేదు. అందుకే అలంకారమనుకుని మొదటి రోజే వదిలేశాడు. రెండో ఓటమిలో అక్కడ కనపడింది. నీలిజాతి గీతల్లో ఇనుము గీత ఉన్నట్టుండి నేలకి పడిపోయింది. రాయబారి నవ్వుతూనే ఉన్నాడు, కానుకలు పంపుతూనే ఉన్నాడు, ఇనుము అమ్మడం మాత్రం ఆపేశాడు. ఓడలు కట్టేవాడు ఇనుము ఎలా అమ్ముతాడు? సరిగ్గా నాలుగు వంతుల తర్వాత చిన్న గ్రహం పోయింది. మూడో ఓటమిలోనూ అంతే.

"నీ మీదికొస్తున్నానని నాలుగు వంతుల ముందే చెప్పాడు. నేనే వాడి మూతి చూస్తూ కూర్చున్నాను" అన్నాడు భార్యతో, అన్నం కలుపుకుంటూ. చాలా రోజుల తర్వాత రెండోసారి వడ్డించుకున్నాడు.

బుధవారం అసలు ఆట మొదలుపెట్టాడు. గురువారం విలేకరి మెట్లెక్కి వచ్చేసరికి నూట నలభై రెండో వంతు నడుస్తోంది. తొట్టిలో రెండు సెట్లు ఉడుకుతున్నాయి. బావమరిది సెలవు పెట్టి మరీ వచ్చి కూర్చున్నాడు. కింద టోకెన్లు డాక్టరమ్మకే అప్పగించి భార్య కూడా పైకి వచ్చింది.

"కూర్చోమ్మా. ఇంకా గెలవలేదు. చూస్తూ ఉండు, ఇదిగో ఈ గీత పడింది. ఇనుము ఆపారు. నాలుగో వంతుకి ఈ గ్రహం మీదికి వస్తారు" అన్నాడు.

తెర మీద నీలిమొహం రాయబారి వంగి దండం పెట్టాడు. చిరకాల స్నేహం గురించి చాలాసేపు మాట్లాడాడు.

"వీడు మరీ మర్యాదగా ఉన్నాడు బావా. ఇంకొక్కసారి ఆలోచించు" అన్నాడు బావమరిది.

"లిఫ్టు తీగ తెగేముందు నీకు దండం పెడుతుందా?"

"పెట్టదు. కానీ నవ్వదు కూడా."

ఆయన మిగతా గ్రహాల ఇనుమంతా ఆ ఒక్క గ్రహం కవచానికి తిప్పాడు. ఒక వంతు. రెండు వంతులు. మూడో వంతులోనే వాళ్ళు వచ్చేశారు. తెర నిండా నీలి ఓడలు, మిడతల దండులా. బావమరిది కుర్చీలోంచి లేచాడు. భార్య ఆయన ఏప్రాను కొస పట్టుకుంది. ససేమిరా గారు మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

"ఒక వంతు ముందొచ్చారు. నేనూ కవచం ఒక వంతు ముందే పూర్తిచేశాను. నోటి కొలత ఎప్పుడూ ఒకలా ఉండదమ్మా, కాస్త వదులు పెట్టుకోవాలి."

కవచం నిలిచింది. దండు సగానికి సగం బూడిదైంది. మిగతా సగం తోక ముడిచే లోపే ఆయన ఓడలు వెనకదారిన నీలిజాతి రాజధానికి బయల్దేరాయి. తొట్టిలో సెట్లు ఉడికి చల్లారేసరికి తొంభై నక్షత్రాల్లో అరవై మూడు ఆయన రంగులోకి మారాయి. ఆట తానే చేతులెత్తేసి, విజయం అని రాసి చూపించింది. చీకటి పక్కన గ్రహాల మీద దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. ఆయన వాటిని కాసేపు చూశాడు.

విలేకరి అడిగింది, ఇంతకీ కొత్తది ఎలా ఉందని.

"మంచి పనిమంతులు చేశారు. పాత సెట్టు అరుగుదల కూడా చూసి చేశారు. రెండు చోట్ల ఎత్తుగా ఉంది, ఆ మంత్రి, ఆ అక్షరాలు. సానపడితే పోతుంది. సంత పుట పాతదానిలో లేని కొత్త పన్ను, గట్టి పన్ను."

అయితే పాతదానికంటే మేలేనా అని ఆమె మళ్ళీ అడిగింది.

"పాతదానిలో శత్రువు కడుపులో మాట నా చెవిన పడేది. అది ఆటలో ఉన్న సంగతి కాదు, డబ్బా ఆయాసం. చేసినవాళ్ళకే తెలియదు అది ఉందని. తెలియనిదాన్ని మళ్ళీ ఎలా చేస్తారు? వాళ్ళ తప్పేమీ లేదు." భార్య వైపు చూసి అన్నాడు, "చెవీ నాదే, కన్నూ నాదే. గెలుపులన్నీ నావే. ఇది కూడా రాసుకో."

"అది ముందే చెప్పాను, వినలేదు. చెవి అట ఈయనకి" అంది భార్య.

విలేకరి కాగితాలు సర్దుకుని లేచింది. ఆయన కొత్త పలక మూసేసి, ఇవతలి బల్లకి జరిగి పాత కంప్యూటరు మీట నొక్కాడు. అది దగ్గింది, ఊపిరి తీసుకుంది, మొత్తానికి లేచింది. ఐదు రోజుల క్రితం వింటూ వింటూ సగంలో ఆపిన ఆట తెరిచి 'వంతు అయింది' నొక్కాడు. కర్, కర్. ఆ తర్వాత ఆగకుండా గరగర, కిందటి వారం కంటే బొంగురుగా. ఆయన తల ఎడమ పక్కకి వంగింది. గుమ్మం దాటబోతూ ఆమె ఆగి, ఏమైందని అడిగింది.

"ఏం లేదమ్మా, వాళ్ళు వస్తున్నారు. వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను, నువ్వు మెట్లు చూసుకుని దిగు."